చేదు మండలం

మా దొడ్డి దడిని ఏటా సంక్రాంతికి ముందు కొబ్బరాకులతో కొత్తగా కట్టించేవారు. కట్టేది మనుషులే అయినా, ఏటి గాలికి అది ఒరిగిపోకుండా పట్టి నిలబెట్టేది మాత్రం తిప్పతీగ. అంబాజీపేటకి కూతవేటు దూరంలో ఉంటుంది మా ఊరు. ఇంటి వెనక కొబ్బరితోట, తోట చివర పంటబోదె, బోదె గట్టున ఒక ముసలి వేపచెట్టు. ఆ వేప మీద పుట్టి, కొమ్మల మీంచి సన్నటి ఊడలు దించి, దడి పొడవునా అల్లుకుపోయింది ఆ తీగ. నరికి పారేస్తే పారేసిన చోటే చిగురించేది. ఒకసారి నాన్న విసుగెత్తి ఓ మూర ముక్క కోసి గొడ్లసావిడి చూరులో దోపారు. మట్టీ నీరూ తగలకుండానే నెల తిరిగేసరికి అది ఆకు తొడిగింది. ఇక దాని జోలికి పోవడం మానేశారు.

ఇప్పుడా తిప్పతీగా, బోదె గట్టు సరస్వతి ఆకూ, కోటలోని తులసీ, పచారీ కొట్టు పెన్నేరు గడ్డా అన్నీ కలిసి ‘అడాప్టోజెన్లు’ అనే కొత్త గోత్రంలో చేరాయి. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మా మేనకోడలు ఆ పేరున్న డబ్బా ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది. ఒత్తిడి తగ్గుతుంది, నిద్ర పడుతుంది, జ్ఞాపకశక్తి పెరుగుతుంది, రోగాలు దరిచేరవు అని దాని మీద రాసుంది. ఎవరు వేసుకోకూడదో, ఎన్నాళ్ళకి ఆపాలో మాత్రం భూతద్దం పెట్టి వెతుక్కోవాలి. మా మామ్మ దగ్గర ఇది సరిగ్గా తిరగబడి ఉండేది. మందు పెట్టే ముందే ఆపే రోజు చెప్పేది.

వేసవిలో కాలవలు కట్టేశాక తీగలో నీరు తగ్గి చేవ ఎక్కుతుందని ఆవిడ నమ్మకం. తిప్పసత్తు తీసేది అప్పుడే. బొటనవేలు లావు తీగలు కోయించి, పైనున్న పల్చటి పొర గీకించేది. అడ్డంగా కోస్తే బండిచక్రం ఆకుల్లా లోపల గీతలు కనపడేవి. అలా కనపడితేనే అది అసలు తీగ అనీ, ఒళ్ళంతా బుడిపెలున్న మరో తీగ ఉంటుందనీ, దాన్ని ముట్టుకోకూడదనీ చెప్పేది. ఆ ముక్కల్ని రోట్లో దంచి, గోలెంలో నీళ్ళు పోసి రాత్రంతా నానేసేది. పొద్దున్నే పిసికే పని పిల్లలది. మోచేతుల దాకా నురగ. మరిచిపోయి మూతి తుడుచుకున్నామా, మధ్యాహ్నం అన్నాల వేళ దాకా ఆ చేదు వదిలేది కాదు. పాత పంచె గుడ్డలో వడగట్టి కదపకుండా ఉంచితే అడుగున తెల్లటి పిండి దిగేది. పై నీళ్ళు ఒంచాలి, కొత్త నీళ్ళు పోయాలి, మళ్ళీ దిగనివ్వాలి, మళ్ళీ ఒంచాలి. ఒంచేటప్పుడు చెయ్యి వణికితే పిండంతా కదిలిపోయి పని మొదటికి వచ్చేది. అందుకని ఆ పని మా తమ్ముడికి ఎప్పుడూ ఇవ్వలేదు. తట్టెడు తీగ తెస్తే, చివరికి పళ్ళెంలో ఆరాక మిగిలేది పిడికెడు.

ఇంత చాకిరీ చేసి తీసిన సత్తుని మామ్మ ఇంటిల్లిపాదికీ పెట్టేది కాదు. సీసాలో పోసి, గుడ్డ కట్టి, అటక ఎక్కించేది. ఎవరికైనా జ్వరం వచ్చి తగ్గాక, నోరు రుచి చచ్చి, నాలుగడుగులు వేస్తే ఆయాసపడుతూ అరుగు మీద కూలబడ్డప్పుడు ఆ సీసా దిగేది. చిటికెడు, పాలల్లో. జ్వరం కాస్తూండగా అడిగితే ఇచ్చేది కాదు. “ఇప్పుడు కాదే, జొరానికి డాక్టరుగారి మాత్ర ఉంది. ఇది లేచి కూచున్నాక.”

ఆవిడ చరకసంహిత చదవలేదు. అయినా చరకుడు చికిత్సాస్థానం మొదట్లోనే మందుల్ని ఈ మాదిరిగానే రెండుగా విడదీశాడు. జబ్బుతో ఉన్నవాడి జబ్బు తీసేవి ఒక రకం, జబ్బు లేనివాడికి సత్తువ నిలబెట్టేవి ఇంకో రకం. రెండో రకం కిందికి వచ్చేవే ముఖ్యంగా రసాయనాలు. వాటిలో బుద్ధికి మేలు చేసేవని నాలుగింటిని ప్రత్యేకంగా చెప్పాడు: మండూకపర్ణి రసం, పాలతో యష్టిమధు చూర్ణం, గుడూచి రసం, శంఖపుష్పి ముద్ద. మండూకపర్ణి అంటే మా సరస్వతి ఆకు, గుడూచి అంటే తిప్పతీగ. నాలుగింట రెండు మా దొడ్లోనే ఉన్నాయన్న సంగతి నాకు నలభయ్యేళ్ళు దాటాక గానీ తెలియలేదు. అదే అధ్యాయంలో ఇంకో మాట ఉంది, దాన్ని డబ్బాల వాళ్ళు ఎప్పుడూ అచ్చువెయ్యరు. నిజం చెప్పేవాడు, కోపం లేనివాడు, మితిమీరి అలసిపోనివాడు, వేళకి పడుకుని వేళకి లేచేవాడు, పాలూ నెయ్యీ తినేవాడు ఏ మందూ తినకపోయినా రసాయనం తిన్నట్టేనట. ఆచార రసాయనం అంటారు దాన్ని. అమ్మడానికి వీలుకాని సరుకు.

సరస్వతి ఆకు బోదె గట్టు మొక్క. తడి నేల మీద పాకుతూ కణుపు కణుపుకీ వేరు దించుకుంటుంది. గుండ్రటి ఆకు, అంచున నొక్కులు. ఏడో తరగతి పబ్లిక్ పరీక్షలు దగ్గర పడ్డాయంటే ఊళ్ళో బోదె గట్లన్నీ బోడివైపోయేవి. బళ్ళో లెక్కలు రాని వాళ్ళందరూ పొద్దున్నే గట్టు మీదే ఉండేవారు. మా తమ్ముడు ఒక్క రాత్రిలో చదువంతా ఎక్కించుకుందామని గుప్పెడాకు పంచదారతో నమిలి, తెల్లారి పరీక్షకి బదులు దొడ్లోకి పరుగులు తీశాడు. మామ్మ ఇచ్చేది మూడంటే మూడాకులు, పరగడుపున. అదీ పరీక్షలప్పుడు కాదు, కార్తీకం వెళ్ళాక మొదలుపెట్టి ఓ మండలం.

మండలం అంటే మా ఇంట్లో నలభై రోజులు. ఆ లెక్క ఎక్కడిదని ఎవరూ అడగలేదు. కానీ ఈ మధ్య చదివిన ఒక సంగతి నన్ను నవ్వించింది. బ్రాహ్మి అనే పేరుతో పరీక్షలకి వాడిన మొక్క మన సరస్వతి ఆకు కాదు, నీళ్ళలో పెరిగే దళసరి చిన్నాకు మొక్క. దాని మీద ఆస్ట్రేలియాలో 46 మంది ఆరోగ్యవంతులతో చేసిన పరీక్ష 2001లో అచ్చయింది. ఐదు వారాలకి చూస్తే చెప్పుకోదగ్గ మార్పేమీ లేదు. పన్నెండు వారాలు నిండాక నేర్చుకునే వేగంలో, గుర్తుపెట్టుకోవడంలో తేడా కనపడింది. అంటే మార్చి పరీక్షకి డిసెంబరులోనే మొదలెట్టాలన్నమాట. పరీక్ష పొద్దున్న నమిలిన మా ఊరి పిల్లలందరికీ దక్కింది వగరు నోరొక్కటే. మన సరస్వతి ఆకు మీద ఆ పాటి పరీక్షలు కూడా తక్కువే. కాబట్టి నేను తొమ్మిదో ఎక్కం దాటడానికి కారణం ఆ ఆకో, లెక్కల మాస్టారి బెత్తమో తేల్చే ఉపాయం లేదు.

మామ్మకి తెలిసిన మొక్కల్లో సగం ఆవిడ కనిపెట్టినవి కావు. లంకల్లోంచి ఆకుకూరల గంప నెత్తిన పెట్టుకుని వచ్చే ఒక ముసలమ్మ ఉండేది. పొన్నగంటి కూర, గలిజేరు, గుంటగలగరాకు, బాలింతల స్నానానికి వావిలాకు, దగ్గుకి అడ్డసరం ఆకు, అన్నీ ఆవిడ గంపలోంచి దిగేవి. ఏ గలిజేరు తెల్లది, ఏది ఎర్రది, ఏది కూరకి, ఏది మందుకి అన్నది ఆవిడ నోటి మీదే ఉండేది. “ఆయ్, ఇది చంటిబిడ్డ తల్లికొద్దండమ్మగారూ,” అని గంపలోంచి ఓ కట్ట వెనక్కి లాక్కోవడం నేను చూశాను. అమ్ముకునే మనిషి అమ్మకం వదులుకుంది. ఆవిడ గుమ్మం ఇవతలికి వచ్చేది కాదు, రానిచ్చేవారు కాదు. ఊళ్ళో మాత్రం మామ్మది హస్తవాసి మంచిదని చెప్పుకునేవారు. ఈ మూలికల జ్ఞానాన్ని మన పూర్వీకుల గొప్ప అని ఎవరైనా మైకులో చెబుతుంటే, ఆ పూర్వీకుల్లో గంపావిడ ఉందా లేదా అని నాకు అడగాలనిపిస్తుంది.

పెన్నేరు, అంటే అశ్వగంధ, మాత్రం ఆవిడ గంపలో ఉండేది కాదు. అది మా నేలలో పండదు. గోదారి ఒండ్రు, నిలవనీరు దానికి పడవు. నీరు నిలవని మెట్టనేల కావాలి, గడ్డ ఊరేటప్పుడు పొడి వాతావరణం కావాలి. దేశంలో ఎక్కువ పంట మధ్యప్రదేశ్‌లో, మంద్‌సౌర్, నీమచ్ వైపుది. మనవైపు రాయలసీమ మెట్టల్లో వేస్తారు. అమలాపురం పచారీ కొట్లో ఎండు వేళ్ళు కట్టలుగా దొరికేవి. కాగితం విప్పగానే జట్కా నిలిపిన చోటి వాసన కొట్టేది. మామ్మ దాన్ని తనంతట తాను ఎవరికీ పెట్టలేదు. దానికి వైద్యులుగారు రావలసిందే.

వైద్యులుగారు సైకిలు మీద వచ్చేవారు. హాండిలుకి గుడ్డసంచి, అందులో పొట్లాలు, ఒక పాత బసవరాజీయం పుస్తకం. నాడి చూసేటప్పుడు ఇంట్లో గిన్నె చప్పుడు కూడా కాకూడదు. మా చిన్నత్త పురిటికి వచ్చి, బిడ్డ దక్కక, మా ఇంట్లోనే ఉండిపోయిన ఏడాది ఆయన చాలాసార్లు వచ్చారు. అత్త రాత్రిళ్ళు పడుకునేది కాదు. మండువా చుట్టూ తిరుగుతూ ఉండేది. పగలు ఎవరైనా పిలిస్తే రెండో పిలుపుకి గానీ పలికేది కాదు. వైద్యులుగారు పెన్నేరు గడ్డల్ని ఆవుపాలలో ఉడికించి, నీడన ఆరబెట్టి, దంచి, వస్త్రకాయితం పట్టమన్నారు. రాత్రి పడుకోబోయే ముందు గోరువెచ్చటి పాలలో చెంచాడు. మందు సంగతి అక్కడితో అయిపోయింది. ఆ తర్వాత పథ్యం చెప్పడానికి మాత్రం ఆయనకి చాలాసేపు పట్టింది. కొత్త ఆవకాయ వద్దు, పాత చింతకాయ పచ్చడి పరవాలేదు. బీరకాయ, పొట్లకాయ, పెసరకట్టు. పగటి నిద్ర బొత్తిగా కూడదు. పొద్దున్నే కాలవ గట్టు దాకా నడిచి రావాలి, ఒంటరిగా పంపకూడదు. చీకటి పడ్డాక ఆ బిడ్డ ఊసు ఎవరూ ఎత్తకూడదు, ఆవిడే ఎత్తితే ఆపకూడదు.

కాలవ గట్టుకి తోడు వెళ్ళేదాన్ని నేను. మామ్మ తన మంచం చిన్నత్త మంచం పక్కకి లాక్కుంది. రోజులు గడుస్తుంటే అత్త మండువా చుట్టూ తిరగడం తగ్గింది. ఓ పొద్దున్న మేం గట్టు మీదికి వెళ్ళకుండానే తెల్లగా తెల్లారిపోయింది, ఆవిడ ఇంకా నిద్ర లేవలేదు. మండలం అయ్యాక మామ్మ పొడి డబ్బా మూత బిగించేసింది. “బాగానే ఉంటోంది కదమ్మా, ఇంకొన్నాళ్ళు వేసుకుంటాను,” అంది అత్త. “బాగుంది గనకే ఆపాం,” అంది మామ్మ.

పని చేసింది పెన్నేరా, నడకా, పక్కన పడుకున్న మనిషా? వాటిని విడదీసి చూసే ఆలోచన ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు. విడదీసి చూడటానికి పూనుకున్నది మళ్ళీ తెలుగు ఊరే. హైదరాబాదులోని ఆశా హాస్పిటల్‌లో ఒత్తిడితో బాధపడుతున్న 64 మందిని తీసుకుని, సగం మందికి అశ్వగంధ వేరు సారం 300 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, మిగతా సగానికి అచ్చం అలాగే కనపడే ఉత్తుత్తి గుళికలు, 60 రోజులు ఇచ్చారు. ఎవరికి ఏది పడుతోందో ఇచ్చేవాళ్ళకీ తెలియదు, మింగేవాళ్ళకీ తెలియదు. ఫలితాలు 2012లో వచ్చాయి. ఒత్తిడిని కొలిచే ప్రశ్నావళిలో మందు వేసుకున్నవాళ్ళ మార్కులు 44 శాతం తగ్గాయి, ఉత్తుత్తివాళ్ళవి ఐదున్నర శాతం. రక్తంలో కార్టిసాల్ కూడా తగ్గింది, మందు వాళ్ళకి దాదాపు 28 శాతం, రెండోవాళ్ళకి 8 శాతం. ఇది చిన్న పరీక్ష. రెండు నెలల పరీక్ష. అందులో వాడిన సారం తయారుచేసే కంపెనీ కూడా హైదరాబాదుదే. ఆ తర్వాత వచ్చిన పరీక్షలు చాలావరకు ఇదే దారిలో ఉన్నాయి, చాలావరకు ఇంతే చిన్నవి. పెన్నేరుకి పస ఉందని నమ్మడానికి నాకివి చాలు. డబ్బా మీద రాసినవన్నీ నమ్మడానికి చాలవు.

అడాప్టోజెన్ అన్న పేరు వచ్చింది సోవియట్ రష్యాలో. 1947లో లాజరేవ్ అనే శాస్త్రవేత్త, ఒంటికి ఏ రకం కష్టం వచ్చినా తట్టుకునే శక్తిని మొత్తంగా పెంచే పదార్థాల కోసం ఈ మాట కట్టాడు. ఆయన శిష్యుడు బ్రెఖ్మాన్ వ్లాదివొస్తోక్‌లో కూర్చుని, రష్యా తూర్పు కొసన అడవుల్లో దొరికే ఎల్యూథరోకాకస్ అనే ముళ్ళపొద వేరు మీద ఏళ్ళ తరబడి పని చేశాడు. మా చిన్నప్పుడు విశాలాంధ్ర వాళ్ళ పుస్తకాల వ్యాను అమలాపురం వస్తే, గట్టి అట్టల సోవియట్ కథల పుస్తకాలు చిల్లర డబ్బులకి కొనుక్కునేవాళ్ళం. వాటిలో ఎలుగుబంట్లు, మంత్రగత్తెలు, మంచు అడవులు అన్నీ ఉన్నాయి. అదే అడవిలో మా మామ్మలాంటి ప్రొఫెసరు ఒకాయన వేళ్ళు తవ్వుతున్నాడని మాత్రం ఏ కథలోనూ రాలేదు. ఆ పేరు మందుల కొట్లలో స్థిరపడింది గానీ మందుల శాస్త్రంలో ఇంకా పూర్తిగా కుదురుకోలేదు. యూరపు ఔషధ సంస్థ 2008లో దీన్ని పరిశీలించి, మందులకి అనుమతిచ్చేటప్పుడు ఈ మాట వాడటం తగదని తేల్చింది. ఏది ఏ జబ్బుకి, ఒంట్లో ఎక్కడ, ఎలా పని చేస్తుందో చెప్పకుండా అన్నిటికీ మంచిదంటే ఎలాగన్నది వాళ్ళ అభ్యంతరం. మా వైద్యులుగారు కూడా అలాంటి మందుని సంచిలో పెట్టుకునేవారు కాదేమో.

ఇవన్నీ చెప్పి బోదకాలు సంగతి చెప్పకపోతే కోనసీమ గురించి అబద్ధం చెప్పినట్టే. ఆ రోజుల్లో ప్రతి వీధిలోనూ లావెక్కిన కాలు ఈడ్చుకుంటూ నడిచేవాళ్ళు కనపడేవారు. కొబ్బరి డొక్కలు నానేసే గుంటల్లో, మురుగు కాలవల్లో దోమలు. ఫైలేరియా వాళ్ళు రాత్రి పూట వచ్చేవారు, అన్నాలు తిని పడుకోబోయే వేళకి. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు పిల్లలు పగలు రక్తంలో కనపడవు, రాత్రే పైకి వస్తాయి. లాంతరు వెలుగులో వేలికి సూది గుచ్చి, గాజుపలక మీద చుక్క అద్దుకుని వెళ్ళేవారు. మంచాల కింద దూరిన పిల్లల్ని పెద్దవాళ్ళు కాళ్ళు పట్టుకుని లాగేవారు. దాని మీద మామ్మ చేయని ప్రయత్నం లేదు. మునగ చెక్క కట్టు, వావిలాకు కాపడం, ఏవేవో లేపనాలు. వీధి చివరింటి పెద్దాయనకి ఏదీ పని చేయలేదు. పనిచేసే మందు ఫైలేరియా వాళ్ళ పెట్టెలో ఉండేది, తెల్ల మాత్ర, డి.ఇ.సి. లావెక్కిన కాలిని అది వెనక్కి తేలేదు గానీ రక్తంలో పురుగుని చంపేది.

ఆ మాత్ర వెనకా గోదావరి జిల్లా మనిషే ఉన్నాడని నాకు చాలాకాలం తెలియదు. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టాడు. అన్నదమ్ములిద్దరిని స్ప్రూ అనే విరేచనాల జబ్బు రోజుల తేడాలో తీసుకుపోయింది. ఆయనకీ వచ్చింది. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద వైద్యంతో లేచి కూచున్నాడు. మద్రాసులో వైద్యం చదివి, ఆ లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే పాఠాలు చెప్పి, అమెరికా వెళ్ళాడు. లెడర్లీ కంపెనీలో ఆయన బృందం స్ప్రూకి మందైన ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో కృత్రిమంగా తయారుచేసింది. 1947లో, అంటే లాజరేవ్ ఆ కొత్త మాట కట్టిన ఏడాదే, అదే బృందం నుంచి హెట్రజాన్ వచ్చింది. మా ఫైలేరియా వాళ్ళ పెట్టెలోని డి.ఇ.సి. అదే. మరుసటి ఏడాది ఆయన పోయాడు. 2004 నుంచి దేశంలో బోదకాలున్న జిల్లాల్లో ఏడాదికోసారి ఊరందరికీ పంచుతూ వచ్చిన మాత్ర కూడా అదే. ఆయుర్వేదం వల్ల బతికిన మనిషి, ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పిన మనిషి, ఆయుర్వేదం చేయలేని పని ఎక్కడుందో అక్కడికి వెళ్ళాడు. మూలికలూ మాత్రలూ అంటూ జట్లు కట్టి తగువులాడేవాళ్ళని చూస్తే నాకు ఆయనే గుర్తొస్తాడు.

వైద్యులుగారి సంచిలో సొంతంగా చేసిన పొట్లాలు పోను, మిగతావి చింతలూరు సీసాలు. రావులపాలెం వంతెన దాటి, జొన్నాడ మీదుగా ఆలమూరు దారి పడితే చింతలూరు. అక్కడి వేంకటేశ్వర ఆయుర్వేద నిలయం మందులు మా వైపు ప్రతి ఇంటి గూట్లోనూ ఉండేవి. అశ్వగంధారిష్టం, దశమూలారిష్టం, ద్రాక్షారిష్టం. అరిష్టమంటే కషాయంలో బెల్లం, ధాతకీ పువ్వులు వేసి వారాల తరబడి పులియబెట్టేది, దానంతట దానికే కాస్త మత్తు పుడుతుంది. 1995లో రాష్ట్రమంతా మద్యనిషేధం వచ్చినప్పుడు మా బాబాయికి హఠాత్తుగా నీరసం పట్టుకుంది. గోదారి అవతల యానాం ఉంది, అక్కడ నిషేధం లేదు. అంత దూరం పోయే ఓపిక లేకనే అరిష్టం తాగుతున్నానని ఆయన వాదన. ఆ వాదన వైద్యులుగారి దగ్గర చెల్లలేదు.

నిజానికి బలం మందుల ప్రకటనలు మనకి కొత్త కాదు. మద్రాసులో కేసరి కుటీరం పెట్టిన కె.ఎన్. కేసరిగారు ఆడవాళ్ళకి లోధ్ర అనే మందు అమ్మి, ఆ డబ్బుతో 1928లో గృహలక్ష్మి పత్రిక పెట్టారు, రచయిత్రులకి స్వర్ణకంకణాలు తొడిగారు. అమృతాంజనం డబ్బాలు ఆంధ్రపత్రికని పోషించాయి. మందు పొగుడుకోవడం అప్పుడూ ఉంది, కాకపోతే లాభంలో మనకో పత్రికయినా మిగిలింది.

పిల్లలకి వస పోయడం గురించి కూడా ఒక మాట. వసకొమ్ముని నూనెదీపం మీద కాల్చి, సానరాయి మీద తేనెతో ఒకటి రెండు చుట్లు తిప్పి, ఆ మరకని చంటిబిడ్డ నాలుక్కి రాసేవారు, మాటలు తొందరగా వస్తాయని. ఎక్కువ రాయబోయిన అమ్మని మామ్మ కసిరేది. ఆ కొమ్ములోని ఒక నూనె జంతువుల్లో కేన్సరు కలిగిస్తోందని అమెరికా 1968లో దాన్ని తిండి పదార్థాల్లో వాడకుండా నిషేధించింది. మామ్మకి అది తెలియదు. తెలిస్తే ఆ రెండు చుట్లూ మానేసేదేమో కూడా, మొండిదే గానీ మూర్ఖురాలు కాదు. మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ చంటిపిల్లలకి వస పోయరు. ఆ విషయంలో నాకు బాధేమీ లేదు.

కరోనా వచ్చిన ఏడాది మా చుట్టాలందరూ పొద్దున్నే తిప్పతీగ కషాయం తాగారు. నెలలు నెలలు, ఒక్క రోజు మానకుండా, ఎదురుగా మనిషి లేకుండా, ఫోనులో వచ్చిన కొలత ప్రకారం. తర్వాత కాలేయం దెబ్బతిన్న రోగుల వార్తలు వచ్చాయి. ముందు ముంబయి డాక్టర్లు ఆరుగురి గురించి రాశారు. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు, వాళ్ళు తాగింది అసలు తిప్పతీగ కాదేమో, దాన్ని పోలిన బుడిపెల తీగేమో అంది. ఆ తర్వాత దేశంలోని 13 కేంద్రాల డాక్టర్లు కలిసి 43 మంది వివరాలు అచ్చువేశారు. వాళ్ళలో చాలామందికి లోపల ముందే ఆటోఇమ్యూన్ తత్వం ఉందనీ, తిప్పతీగ దాన్ని రెచ్చగొట్టిందనీ వాళ్ళ అంచనా. పెన్నేరు విషయంలోనూ 2020లో ఐస్‌లాండ్, అమెరికాల నుంచి ఐదు కాలేయ కేసులు వచ్చాయి. 2023లో డెన్మార్క్ దాన్ని ఏకంగా నిషేధించింది. నిషేధించేంత అవసరం ఉందా అంటే నాకు లేదనే అనిపిస్తుంది. కానీ అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ చెప్పే జాగ్రత్తలు చదివితే మా వరండాలో కూర్చున్నట్టుంటుంది: కడుపుతో ఉన్నవాళ్ళకి వద్దు, థైరాయిడ్ మందు వాడేవాళ్ళు డాక్టరుని అడగాలి, మూడు నెలల వరకు పరవాలేదు, అంతకు మించి ఏమవుతుందో సరైన ఆధారం లేదు.

మేనకోడలికి ఇదే చెప్పాను. తను థైరాయిడ్ మాత్ర వేసుకుంటోంది, డబ్బా కొనేటప్పుడు ఆ సంగతి ఎవరూ అడగలేదు. “మరి నిద్ర ఎలా పడుతుందత్తా?” అంది. రాత్రి రెండింటి దాకా అమెరికా వాళ్ళతో మీటింగులున్న పిల్లకి ఏ వైద్యులుగారు మాత్రం ఏం పథ్యం చెబుతారు? ముందు డాక్టరుకి చూపించమన్నాను. చూపించింది, మాత్ర మోతాదు మార్చారు, డబ్బా పక్కన పెట్టమన్నారు. మీటింగులు మాత్రం అలాగే ఉన్నాయి.

మా తోట చివరి బోదె ఇప్పుడు సిమెంటు కాలవ. గట్టు లేదు, గట్టు మీది ఆకూ లేదు. వేపచెట్టు 1996 నవంబరు తుపానుకి కూలిపోయింది, కొబ్బరిచెట్లతో పాటే. సముద్రం వైపు ఊళ్ళలో వరిచేలు రొయ్యల చెరువులయ్యాయి. మొన్న రాజమండ్రి వెళ్తూ కడియం నర్సరీలో ఆగాను, సరస్వతి ఆకు కుండీ కొందామని. ఒకే వరసలో రెండు రకాల మొక్కలున్నాయి, ఒకటి గుండ్రటి నొక్కుల ఆకుది, ఇంకోటి దళసరి చిన్నాకులది. రెండింటికీ ఒకటే చీటీ: బ్రాహ్మి.

“ఇందులో అసలుది ఏది బాబూ?” అన్నాను.

“ఆయ్, రెండూ అసలేనండి. రెండూ జ్ఞాపకశక్తికేనండి.”

“ఒకటి మా సరస్వతి ఆకు కదా?”

అతను రెండు కుండీలూ ఎత్తి మార్చి మార్చి చూశాడు. “మా నాన్నగారుంటే చెప్పేవారండి,” అని, రెండూ తీసుకుంటే తగ్గించి ఇస్తానన్నాడు.